పేరు గుర్తురాని వాసన

డేగిసా మూత తీయగానే నూర్‌బీ రెండడుగులు వెనక్కి వేసింది.

ఆవిరికి జడిసి కాదు. ఇరవై రెండేళ్ళుగా తిరువూరు బడిలో పిల్లలకి వండి పెడుతున్న మనిషికి ఆవిరి కొత్త కాదు. అన్నం తెల్లగా, పలుకు లేకుండా ఉడికింది. కంటికి ఏ వంకా కనపడలేదు. కానీ ఆ ఆవిరిలో ఏదో ఉంది. అది ముక్కుకి తగిలీ తగలగానే ఆమె చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

"గీతా, ఇటు రావే. వాసన చూడు."

గీతాంజలి పక్క పొయ్యి దగ్గర పప్పులో పోపు తిరగబోస్తోంది. వంటలో నూర్‌బీకి తోడు. ముప్పై కూడా నిండలేదు. గరిటె చేత్తోనే వచ్చి డేగిసా మీదికి వంగింది.

"ఏముందత్తా? అన్నం వాసనే."

"అన్నం కాదు. ఇంకోటేదో."

"వెల్లుల్లి. ఇప్పుడేగా పోపేసింది." గీతాంజలి గొంతు తగ్గించింది. "మళ్ళీ మొదలెట్టావా అత్తా? ఈసారి సార్ ఊరుకోడు."

'మళ్ళీ' అన్న మాట నూర్‌బీకి గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం.

జనవరిలో పప్పు అడుగంటింది. వాసన ఆమెకి వచ్చింది. వచ్చింది గానీ అది మాడు వాసన అని మెదడుకి తట్టలేదు. ఏదో వాసన, ఎక్కడిదో తెలిసిన వాసన అనుకుంటూ నిలబడిపోయింది. పిల్లలు పళ్ళాల్లో పప్పు వదిలేశారు. ఆ తర్వాత ఒకరోజు గ్యాస్ లీకవుతోందని అందర్నీ బయటికి తరిమింది. తీరా చూస్తే అది గోడ పక్కన కుళ్ళిన కోడిగుడ్డు. ఇంట్లో ఇంగువ డబ్బా మూత తీసి, దాని పేరు గుర్తురాక, "అదే, పప్పులో వేసేది" అంటుంటే కూతురి కూతురు సాహెరా పడీ పడీ నవ్వింది. అరవై రెండేళ్ళు వచ్చాయి. ఒక్కొక్క వాసనా పేరు విడిచిపెట్టి వెళ్ళిపోతోంది.

పోయిన నెల వైద్య శిబిరంలో ఒక డాక్టరమ్మకి చెప్పుకుంది. "వయసుతో ముక్కు మందగిస్తుందమ్మా. దానికంటే ముందు వాసనల పేర్లు జారిపోతాయి. పేరు కోసం వెతక్కు. ఆ వాసన ఎక్కడ పీల్చావో ఆ చోటు గుర్తు తెచ్చుకో. చోటు అంత తొందరగా పోదు" అంది ఆవిడ. నూర్‌బీ తలూపి వచ్చేసింది. రోజుకి ఎనభై ఆరుమందికి వండే మనిషికి చోట్లు వెతుక్కునే తీరిక ఎక్కడిది?

పైగా ఇవి రంజాన్ రోజులు. నూర్‌బీ రోజా ఉపవాసం ఉంది. మామూలు రోజుల్లో ఉప్పూ పులుపూ నాలుక చెప్పేది. రంజాన్‌లో నాలుకకి సెలవు. కొనతో చూసి ఉమ్మేస్తే తప్పులేదని చాలామంది చెప్పారు. ఆమె వినలేదు. మరుగుతున్న పప్పు ఆవిరి పీల్చి ఉప్పు తక్కువైందని చెప్పగలదు. ఇరవై రెండు రంజాన్లలో ఒక్కసారీ తప్పలేదు. "అత్త ముక్కు కాదది, తూకం" అని గీతాంజలే అనేది. ఇప్పుడు ఆ గీతాంజలే నమ్మడం లేదు.

నూర్‌బీ బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి దోసెడు తీసి మూచూసింది. ఏం లేదు. కందిపప్పు డబ్బా చూసింది. నూనె ప్యాకెట్టు చూసింది. వాటిల్లోనూ లేదు. మళ్ళీ డేగిసా దగ్గరికి వచ్చింది. ఈసారి వాసన అంత గట్టిగా తగల్లేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. ఇంకో పది నిమిషాలుంటే అసలు తగలదేమో. అప్పుడు తనకే అనుమానం వస్తుంది.

గోడ గడియారం పదకొండూ నలభై. పన్నెండుంపావుకి గంట కొడతారు.

"సార్ని పిలు" అంది.

హెడ్మాస్టరు దశరథరామయ్య చెడ్డవాడు కాదు. ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడుపుతూ, మధ్యలో మరుగుదొడ్ల ఫోటోలూ గుడ్ల ఫోటోలూ ఫోన్లో ఎక్కిస్తూ ఉండే మనిషికి చెడ్డవాడిగా ఉండటానికి కూడా తీరిక లేదు. పిల్లలకి పెట్టడానికి అరగంట ముందు ఒక టీచరు తిని చూసి, రుచి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ పుస్తకంలో శుక్రవారం దాకా సంతకాలు సోమవారమే పడిపోయాయి. ఈ బడిలోనే కాదు, చాలా బళ్ళలో ఇంతే. తినమన్నవాళ్ళు కాగితం చూస్తారు గానీ పళ్ళెం చూడరు.

ఆయన వచ్చి అన్నం మీద వంగాడు. "పెయింటు వాసనమ్మా అది. అదుగో, డ్రమ్ముది."

వంటషెడ్డు వాకిట్లో నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నిలబెట్టి ఉంది. బడి మోటారు కాలిపోయి వారమైంది. రెండ్రోజులకోసారి ట్యాంకరు వస్తే పట్టుకోవడానికి ఏదీ లేకపోతే, వినగడపలో మిరప చేలున్న బసవపున్నయ్యగారు నిన్న సాయంత్రం ఈ డ్రమ్ము పంపించాడు. దాని మీద తెల్ల పెయింటుతో 'దాత' అని, కింద ఆయన పేరూ, ఆయన తండ్రి పేరూ రాయించారు. పెయింటు ఇంకా పూర్తిగా ఆరలేదు. పొద్దున ట్యాంకరు నీళ్ళు అందులోనే పట్టారు, వంటకీ అవే. ఇవాళ ఆ డ్రమ్ము పక్కన నిలబడి ఫోటో దిగడానికి ఆయనే వస్తున్నాడు.

"పెయింటు నాకు తెలుసు సార్. ఇది అది కాదు."

"మరేంటి?"

నూర్‌బీ నోరు తెరిచింది. పేరు రాలేదు.

"పేరు చెప్పమ్మా."

"గుర్తు రావట్లేదు సార్. కానీ చెడ్డది. తెలుసు నాకు."

"పప్పు మాడినప్పుడు తెలీలేదు. గ్యాస్ కానిదాన్ని గ్యాస్ అన్నావు." దశరథరామయ్య గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. "నేను పైవాళ్ళకి ఏమని చెప్పాలి? ముసలమ్మకి ఏదో వాసన వచ్చింది, ఏంటో తెలీదు, ఎనభై ఆరుమందిని పస్తుంచామనా? సగంమంది పొద్దున ఏమీ తినకుండా వస్తారు, నీకు తెలీదా?"

తెలుసు. అందుకే ఆమె ఇంకా అక్కడ నిలబడి ఉంది.

కారు ఆగింది. బసవపున్నయ్య దిగాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. పప్పు మాడిన వారమే ఆయన హెడ్మాస్టరుతో, "ఆ ముసలమ్మని మార్చరాదూ, మా వీధిలో ఒకమ్మాయి ఉంది" అన్నాడు. నూర్‌బీ ఆ మాట స్తంభం చాటున విన్నది. నెలకి మూడువేల గౌరవ వేతనమే. కానీ ఆమెకీ సాహెరాకీ ఉన్న ఒకే ఒక ఆధారం అది.

"ఏంటి దశరథం మేష్టారూ, ముఖాలు అలా ఉన్నాయి?"

గీతాంజలి తల దించుకుంది. హెడ్మాస్టరు చెప్పాడు. బసవపున్నయ్య నవ్వాడు.

"నా డ్రమ్ము కంపు కొడుతోందా నూర్‌బీ? వాసన చూసి చెప్పు మరి."

ఆమె వెళ్ళి డ్రమ్ములో తల పెట్టింది. సగం ఖాళీ అయిన చల్లటి నీళ్ళు. లోతుగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. నీళ్ళ వాసన, ప్లాస్టిక్ వాసన. అంతే. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయింది.

"రావట్లేదు బాబుగారూ."

"చూశారా! మూడుసార్లు సర్ఫ్ వేసి కడిగించానండీ, దగ్గరుండి."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. డ్రమ్మన్నాక కడుగుతారు కదా. ఈ చుట్టుపక్కల ఏ పెరట్లో చూసినా ఒక నీలం డ్రమ్ము ఉంటుంది. చేను గట్టున ఒకటి రెండేళ్ళు పని చేశాక ఇంటికొస్తుంది, స్నానాల నీళ్ళకి. నూర్‌బీ ఇంట్లోనూ ఉంది. కడిగితే పోతుంది అని అందరూ అనుకుంటారు.

"నువ్వే ఒక ముద్ద తిని చూపించొచ్చుగా?" అన్నాడు బసవపున్నయ్య. "ఓహో, రోజా కదూ. భలే దొరికిందిలే సాకు."

నూర్‌బీ ముఖం కందిపోయింది. "రోజా వదిలేస్తా బాబుగారూ. అల్లా ఏమీ అనుకోడు. కానీ ఇప్పుడు తింటే నేను ఎప్పుడు పడిపోతాను? గంటకా, రెండు గంటలకా? ఈలోపు పిల్లలు తినేసుంటారు."

హెడ్మాస్టరు గడియారం వైపు చూశాడు.

గంట కొట్టారు.

పిల్లలు పళ్ళాలు మోగించుకుంటూ వరసలు కట్టారు. మూడో తరగతి వరసలో సాహెరా. చిన్నపిల్ల కాబట్టి రోజా లేదు. అమ్మమ్మని చూసి పళ్ళెం ఊపింది.

"వడ్డించు గీతా" అన్నాడు హెడ్మాస్టరు. ఆ మాట నూర్‌బీ ముఖం చూడకుండా అన్నాడు.

గీతాంజలి గరిటె తీసుకుంది. నూర్‌బీ డేగిసాకి అడ్డంగా నిలబడింది.

"రెండు నిమిషాలు ఆగండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటా."

కళ్ళు మూసుకుంది. పేరు వద్దు. పేరు కోసం వెతక్కు అంది డాక్టరమ్మ. ఎక్కడ? ఏ చోటు?

ఎండ. నడినెత్తిన ఎండ. ఉతికే బండ. చేతికింద నీలం గళ్ళ చొక్కా. కాలరు దగ్గర చిరిగింది, తనే కుట్టింది. భర్త బాబా చొక్కా. పొడిగా ఉన్నప్పుడు వాసన లేదు. చన్నీళ్ళలో నానబెట్టినప్పుడూ లేదు. పక్కింటి వెంకాయమ్మ బండ మీద కూచుని అంటోంది: "వేణ్ణీళ్ళు పోసేటప్పుడు ముఖం తిప్పుకోవే, కళ్ళు తిరుగుతాయి." నూర్‌బీ బిందెలో మరిగిన నీళ్ళు పోసింది. చొక్కాలోంచి అది లేచింది. వెల్లుల్లి కుళ్ళినట్టు, గొంతులో గీరినట్టు. రోజూ సాయంత్రం అదే. పత్తికి పురుగు పట్టిన ఏళ్ళు. బాబా వినగడప చేలల్లో కూలికి పురుగుమందు కొట్టేవాడు. ముక్కుకి తువ్వాలు తప్ప ఇంకేం లేదు. ఒక మధ్యాహ్నం చేల్లోనే పడిపోయాడు. నోట్లో నురగ. మూడోరోజు పోయాడు. కాగితం మీద వడదెబ్బ అని రాశారు. వడదెబ్బ కాబట్టి ఎవరూ దేనికీ బాధ్యులు కారు. అప్పుడు ఆమెకి ముప్పై మూడేళ్ళు.

నూర్‌బీ కళ్ళు తెరిచింది. తిన్నగా డ్రమ్ము దగ్గరికి నడిచి, రెండు చేతులతో అంచు పట్టుకుని లాగింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?" బసవపున్నయ్య అరిచాడు.

సగం ఖాళీ అయినదే అయినా ఒక్కదాని వల్ల కాలేదు. డ్రమ్ము ఊగింది గానీ ఒరగలేదు. ట్యాంకరు మళ్ళీ ఎల్లుండి గానీ రాదు. "నూర్‌బీ! నీకు మతి పోయిందా?" అంటూ హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. ఆయన కంటే ముందు ఇంకో రెండు చేతులు డ్రమ్ము అంచు మీద పడ్డాయి. గీతాంజలివి.

"అత్త ఎప్పుడూ నీళ్ళు పారబొయ్యదు సార్" అంది ఆమె. అంతకుమించి ఆమె దగ్గర వాదన లేదు.

డ్రమ్ము ఒరిగింది. నీళ్ళు పిల్లల కాళ్ళ మధ్యనుంచి పారాయి. పిల్లలు కేరింతలు కొట్టారు.

ఆ బడిలో టీచర్ల టీ మాత్రం డబ్బులు పెట్టి కొన్న క్యాన్ నీళ్ళతో కాస్తారు. ఆ నీళ్ళు మూడో పొయ్యి మీద మరుగుతున్నాయి. నూర్‌బీ గుడ్డతో గిన్నె పట్టుకొచ్చి, గీతాంజలి నిలబెట్టిన ఖాళీ డ్రమ్ములో ఆ నీళ్ళన్నీ పోసి, పైన గోనెపట్టా కప్పింది.

"బాబుగారూ, వంద లెక్కపెట్టండి. తర్వాత మీరే చూడండి. నా ముక్కు ముసలిదైంది. మీది కాలేదుగా."

బసవపున్నయ్య హెడ్మాస్టరు వైపు చూశాడు. పిల్లల వైపు చూశాడు. లెక్కపెట్టింది ఆయన కాదు. మూడో తరగతి వరస గట్టిగా లెక్కపెట్టింది, అదేదో ఆటనుకుని. తొంభై దాటేసరికి నూర్‌బీ కూడా పెదవులు కదిపి లెక్కపెడుతోంది. ఇప్పుడు గనక ఏమీ రాకపోతే నీళ్ళు పోయాయి, పని పోయింది, పిల్లలు ఆ అన్నమే తింటారు.

వంద.

బసవపున్నయ్య గోనెపట్టా తీసి తల వంచాడు. వంచినంత వేగంగా తల వెనక్కి తీసుకున్నాడు. మోచేత్తో ముక్కు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు వ్యవసాయం చేయించినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. దశరథరామయ్య వంగి చూశాడు. దగ్గుతూ లేచాడు. గీతాంజలి చూడను కూడా లేదు. గరిటె కింద పడేసి, వరస ముందున్న పిల్లల్ని రెండు చేతులతో వెనక్కి నెడుతోంది.

"క్లోరిపైరిఫాస్" అన్నాడు బసవపున్నయ్య మెల్లిగా. "మిరపకి కొట్టిందే. కడిగించానే... మూడుసార్లు కడిగించాను."

"అదే" అంది నూర్‌బీ. "పేరు అదేనేమో. మీరు కొన్నారు గనక పేరు మీకు గుర్తుంది బాబుగారూ. మేం ఉతికాం."

ఆయన ఆమె వైపు చూసి, "నువ్వు... బాబా భార్యవి కదూ?" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్న మనిషిని అప్పుడు గుర్తుపట్టాడు. ఆమె గుడ్డ తీసుకుని డేగిసా వైపు నడిచింది.

అన్నం, పప్పు, ఆ నీళ్ళలోనే ఉడికిన గుడ్లు, అన్నీ బడి వెనక గొయ్యి తీసి పూడ్చారు. బజారు నుంచి అరటిపళ్ళూ బన్నులూ వచ్చాయి. ఆకలిగా ఉన్న పిల్లలు గొయ్యి చుట్టూ నిలబడి, తెల్లటి అన్నం మట్టిలో పడుతుంటే నోరు తెరుచుకుని చూశారు. అది చూడటం నూర్‌బీకి అన్నిటికంటే కష్టమైంది.

ఆ రోజు పుస్తకంలో 'నీటి ఇబ్బంది వల్ల భోజనం వండలేదు' అని రాసి ఉంది. గీతాంజలి చదివి చెప్పింది. నూర్‌బీ విని, "బాబాకి వడదెబ్బ, దీనికి నీటి ఇబ్బంది" అని మాత్రం అంది. ఎనభై ఆరుమంది పిల్లలు తినబోయినది నీటి ఇబ్బంది కాదు. పురుగుమందు డబ్బా మీద పుర్రె బొమ్మ వేస్తారు. అదే మందు కలిపిన డ్రమ్ము మీద దాత పేరు వేసినా అడిగేవాడు లేడు.

మర్నాడు పొద్దున గీతాంజలి ఆలస్యంగా వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మా ఇంట్లో డ్రమ్ములో వేణ్ణీళ్ళు పోశానత్తా."

"వచ్చిందా?"

"వచ్చింది. చంటిదానికి రెండేళ్ళుగా స్నానం అందులోంచే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా వీధిలో అందరూ పోస్తున్నారు. నిన్ను తీసుకురమ్మంటున్నారు, వాసన చూసి చెబుతావని."

"నేనెందుకే? నాది చూశాను, నాకేం తగల్లేదు. సాహెరాని చూడమంటే ఛీ అని పారిపోయింది." నూర్‌బీ క్యాన్ నీళ్ళతో బియ్యం కడుగుతూ అంది, కొత్తగా కొన్న స్టీలు తప్పేళాలో. "వాళ్ళకి ముక్కులున్నాయిగా. పిల్లల్ని పిలిచి చూడమను."

దశరథరామయ్య పదకొండున్నరకి వచ్చాడు. నిన్నటి సంగతికి థాంక్స్ చెప్పాలని ఆయన ముఖంలో ఉంది గానీ మాట మరోలా వచ్చింది. "ఇకనుంచి నువ్వు వాసన చూసి సరే అంటేనే పెడదాం నూర్‌బీ. నిన్ను మార్చే సంగతి కూడా ఇక ఎవరూ ఎత్తరు."

ఎత్తరని ఆమె నమ్మలేదు. మూత తీసింది. ఆవిరి ముఖానికి కొట్టింది. పీల్చింది. అన్నం వాసన కూడా పూర్తిగా తెలియలేదు.

"నాకేం రావట్లేదు సార్."

"అయితే మంచిదే కదా."

"నాకు రాలేదంటే లేదని కాదు సార్. నిన్న ఏదో మా ఆయన చొక్కా గుర్తొచ్చి బతికిపోయాం. రేపు అదీ మర్చిపోతాను. అప్పుడు?" పళ్ళెం తీసి, రెండు గరిటెల అన్నం, మీద పప్పు, ఒక గుడ్డు పెట్టి ఆయన ముందు బల్ల మీద ఉంచింది. పక్కన రుచి పుస్తకం పెట్టింది. "నా ముక్కు మీద పెట్టకండి. మీరు తినండి."

ఆయన పుస్తకం వైపు చూశాడు. ఇవాళ్టి శుక్రవారం గడిలో ఆయన సంతకం సోమవారం నుంచే ఉంది. గీతాంజలి కూడా అదే చూస్తోంది. ఆయన పెన్ను తీసి ఆ సంతకం కొట్టేశాడు. చెయ్యి కడుక్కుని కూచున్నాడు.

మొదటి ముద్ద కలిపి నోటి దాకా తెచ్చి ఒక్క క్షణం ఆగాడు. నిన్నటి వాసన ఆయనకి గుర్తున్నట్టుంది. తర్వాత తిన్నాడు.

"ఉప్పు తక్కువైందమ్మా" అన్నాడు.

నూర్‌బీ ఉప్పు డబ్బా తెచ్చి పప్పులో వేసి కలిపింది. తర్వాత గోడ గడియారానికి ఎదురుగా పీట వేసుకుని కూచుంది. పదకొండూ ముప్పై ఎనిమిది. అరగంట. ఆమె ఒకసారి ముల్లు వైపు, ఒకసారి ఆయన ముఖం వైపు చూస్తూనే ఉంది. బయట వరసలో ముందు నిలబడటానికి పిల్లలు అప్పుడే తోసుకుంటున్నారు.